గంజి పెట్టిన చీరకూ ఉంగరాల జుట్టుకూ చుట్టరికం

మా పక్క వాటాలో ఉంటున్న అమ్మాయి ఉద్యోగరీత్యా బెంగుళూరు నుంచి చెన్నైకి వచ్చింది. తిరుమల కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చిన తరువాత మళ్ళీ వచ్చిన జుట్టు కనుక అది ఇప్పుడు అయిదారు సెంటీమీటర్లకు మించి లేదు. పైగా పుట్టుకతో వచ్చిన ఉంగరాలు. శనివారం తలస్నానం చేసి బెంగుళూరులోని అక్కగారింటికి వెళితే రెండు రోజులూ కుదురుగా ఉండే జుట్టు, సోమవారం చెన్నై సెంట్రల్‌లో రైలు దిగిన గంటలోపే పొంగి, పీచులా విడిపోతోందట. "ఇది నీళ్ళ తేడానా మాస్టారూ, షాంపూ తేడానా?" అని అడిగింది. రైల్లో తలస్నానం చేయలేదు కనుక నీళ్ళూ కాదు, షాంపూ కాదు. మారింది గాలి ఒక్కటే.

దీనికి జవాబు మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర దొరుకుతుంది. నలిగిన నూలు చీర మీద అతను ముందుగా నీళ్ళు చిలకరిస్తాడు, తరువాతే బొగ్గుల పెట్టె నడిపిస్తాడు. నూలులోని సెల్యులోజ్ అనే పదార్థపు పొడవాటి అణువుల గొలుసులు ఒకదానినొకటి హైడ్రోజన్ బంధాలనే బలహీనమైన పట్లతో పట్టుకుని ఉంటాయి. నీటి అణువు ఆ బంధాల మధ్య దూరి, గొలుసు చేతిని తాను పట్టుకుని, పక్క గొలుసును వదిలిస్తుంది. అప్పుడు గొలుసులు జరగగలవు. పెట్టె వేడికి నీరు ఆవిరైపోగానే, గొలుసులు ఆ క్షణాన ఏ అమరికలో ఉంటే ఆ అమరికలోనే కొత్త బంధాలు వేసుకుంటాయి. మడత నిలవడమంటే ఇంతే. వెంట్రుకలో సెల్యులోజ్ స్థానంలో కెరటిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. మిగిలిన కథ అక్షరాలా ఒకటే. నేను పాఠం చెప్పిన ఏళ్ళన్నిటిలోనూ హైడ్రోజన్ బంధం అనగానే నీటి మరుగు స్థానంతో సరిపెట్టాను. పిల్లలను తమ తలలు తడిమి చూసుకోమని ఒక్కనాడూ చెప్పలేదు.

ఈ సంగతిని పాలిమర్ల, అంటే ఇటువంటి పొడవాటి గొలుసు అణువుల, భాషలో మరింత కచ్చితంగా చెప్పవచ్చు. పూర్తిగా పొడిగా ఉన్న వెంట్రుకలో క్రమం లేని కెరటిన్ భాగం గాజులాంటి గట్టి స్థితిలో ఉంటుంది. అది మెత్తబడాలంటే ఉష్ణోగ్రత సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటాలి. వెంట్రుక నీటితో నానినప్పుడు ఆ హద్దు గది ఉష్ణోగ్రతకన్నా దిగువకు జారిపోతుంది. అంటే నీటిలో నానిన వెంట్రుకను ఏ వేడీ లేకుండానే వేళ్ళతో మలచవచ్చు, ఆరిన తరువాత అది ఆ మలుపులోనే గట్టిపడుతుంది. తడి జుట్టు మీద బాగా కాలిన ఇనుప సాధనం నొక్కితే మాత్రం లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై వెంట్రుకలోపల బుడగలు లేస్తాయి, అక్కడే అది తెగుతుంది. తడి చీరకు బొగ్గుల పెట్టె తగిన సాధనమే కాని, తడి తలకు అటువంటిది తగదు.

ఇక చెన్నై సంగతి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని ఉదయం బయలుదేరినవారు, సముద్రపు గాలి తిరిగిన తరువాత కుచ్చిళ్ళు ఎలా వాలిపోతాయో ఎరుగుదురు. గాలిలోని తేమే నీటి చిలకరింపు పని చేసి, పొద్దున వేసుకున్న బంధాలను నెమ్మదిగా విప్పేస్తుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, తీరానికి దూరంగా ఉన్న బెంగుళూరులో ఈ విప్పుడు సాధారణంగా మందకొడిగా సాగుతుంది. వెంట్రుక తేమను ఎంత నమ్మకంగా పసిగడుతుందంటే, 1783లో సోస్యూర్ అనే జెనీవా శాస్త్రజ్ఞుడు మనిషి వెంట్రుకతోనే తేమను కొలిచే పరికరాన్ని ప్రకటించాడు. పొడిగాలి నుంచి పూర్తి తేమకు వెళ్ళేసరికి వెంట్రుక పొడవులో రెండు శాతానికి కొంచెం పైగా సాగుతుంది, మందంలో అంతకు ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. పరికరానికి వాడే వెంట్రుకలను ఆయన ముందుగా సోడా నీటిలో ఉడికించి జిడ్డు వదిలించేవాడు, ఎందుకంటే జిడ్డు తేమ రాకపోకలను మందగింపజేస్తుంది. మన అమ్మమ్మలు తలకు నూనె రాసినది సరిగ్గా ఇందుకు విరుద్ధమైన ప్రయోజనానికి.

తిన్నని వెంట్రుక ఉబ్బినా పెద్దగా తెలియదు. ఉంగరం తిరిగిన వెంట్రుక అడ్డుకోతలో తరచు నిండు గుండ్రంగా ఉండదు, లోపలి కణజాలమూ రెండు పక్కలా ఒకే రీతిన ఉండదు. అందువల్ల ఉబ్బు అసమానమై ప్రతి వెంట్రుకా తన దారి తాను పడుతుంది. పొడవు జుట్టయితే దాని బరువే కొంత అణచి ఉంచేది. అయిదు సెంటీమీటర్ల జుట్టుకు ఆ బరువు లేదు. పోనీ, ఒక లాభమూ ఉంది: నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరిగే లెక్కన దాని కొస వయసు ఆరు నెలలు దాటదు, కనుక అరుగుదల తక్కువ. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాటను ఆ అమ్మాయి నమ్మినట్లుంది. కత్తి పడిన కొస మొద్దుగా ఉండి చేతికి బిరుసుగా తగులుతుందే తప్ప, చర్మం అడుగున ఉన్న కుదుళ్ళకు పైన కత్తి నడిచిన సంగతే తెలియదు.

నేను చెప్పిన పద్ధతి పూర్తిగా చీర పద్ధతే. తలస్నానానికి ముందు కాస్త కొబ్బరినూనె పట్టించాలి. అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు జరిగే ప్రొటీను నష్టాన్ని తగ్గిస్తుంది. తరువాత తువ్వాలుతో రుద్దకుండా పాత నూలు పంచెతో అద్దాలి. జుట్టు ఇంకా తడిగా ఉండగానే గంజి పెట్టాలి. ఇక్కడ గంజి అంటే అవిసె గింజల జిగురు: రెండు చెంచాల గింజలను ఒక గ్లాసు నీటిలో మరిగించి, చల్లారితే వడకట్టడం కష్టం కనుక వేడిగానే వడకట్టుకోవాలి. వేళ్ళతో పాయలు పాయలుగా మెలితిప్పి, ఆ తరువాత పూర్తిగా ఆరేవరకు చెయ్యి పెట్టకూడదు. సగం ఆరిన చీర మడత విప్పితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. ఆరిన జిగురు పెళుసుగా అనిపిస్తే అప్పుడు మెల్లగా నలిపితే సరిపోతుంది.

అయితే ఈ జిగురు కూడా గంజిలాగే నీటిని ఇష్టపడేదే. నవంబరు వానల్లో అది సాయంత్రం దాకా నిలవదు. అప్పుడు కాసిని నీళ్ళు చిలకరించుకుని మళ్ళీ వేళ్ళతో మలచుకోవడమే. హైడ్రోజన్ బంధాలను ఎన్నిసార్లు విప్పి వేసినా ఖర్చు లేదు. ఈ అవస్థ పడలేక పార్లరులో శాశ్వతంగా సాగదీయించుకోనా అని కూడా ఆ అమ్మాయి అడిగింది. అక్కడ తెంచేవి కెరటిన్ గొలుసులను గంధకం ద్వారా కలిపి ఉంచే గట్టి డైసల్ఫైడ్ బంధాలు, వాటిని నీరు తెంచలేదు, నీరు తిరిగి కలపనూ లేదు. నచ్చకపోతే ఆ జుట్టంతా కత్తెరకు ఇచ్చి, నెలకు ఒక సెంటీమీటరు చొప్పున మళ్ళీ అయిదారు నెలలు ఎదురుచూడాలి.