చితుకులు, పుల్లలు, మొద్దులు

ప్రియమైన పిల్లలకు,

మీ ఉత్తరం అందింది. అప్పటిదాకా ఒక్కసారీ ఓడని బాక్సర్ కుర్రవాడు తన మొదటి పెద్ద పోటీలో రెండో రౌండ్‌కే కూలబడ్డాడని టీవీలో చూసి దిగులు పడ్డారట. "మరి ముందు గెలిచినవన్నీ ఉత్తుత్తివేనా తాతయ్యా? అసలు ఎవరితో ఎవరు తలపడాలో చెప్పేదెవరు?" అని అడిగారు. ఉత్తుత్తివి కావు నాన్నా. ఆ గెలుపులు నిజమే. ఎదుట నిలబడినవాళ్లని ఎవరో ఏరి మరీ తెచ్చారన్నదీ నిజమే.

క్రికెట్‌కీ ఫుట్‌బాల్‌కీ లీగులుంటాయి. ఏ జట్టు ఏ రోజు ఎవరితో ఆడాలో ముందే పట్టిక వేస్తారు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో అలాంటి పట్టిక లేదు. ప్రతి పోటీ ఒక బేరమే. ప్రమోటర్ డబ్బు పెట్టి హాలు మాట్లాడతాడు, టికెట్లు అమ్ముతాడు, టీవీవాళ్లతో ఒప్పందం చేసుకుంటాడు. నష్టం వస్తే భరించేదీ అతనే. మేనేజర్ బాక్సర్ తరఫు మనిషి. తన బాక్సర్‌కి వీలైనంత ఎక్కువ రాబట్టడం అతని పని. ఇక ప్రమోటర్ దగ్గర మ్యాచ్‌మేకర్ అని ఒకరుంటారు. ఎవరి ఎదుట ఎవరిని నిలపాలో చూసేది ఆయనే. ఆయన పేరు జనానికి తెలియదు, బాక్సర్ల బతుకులు మాత్రం ఆయన ఎంపిక మీదే ఆధారపడతాయి.

ఆ పని అర్థం కావాలంటే కట్టెల పొయ్యి రాజేయడం తెలియాలి. నా చిన్నప్పుడు మా నాయనమ్మ కట్టెల్ని మూడు కుప్పలు పెట్టేది. ఎండాకులూ చితుకులూ ఒకటి, వేలి లావు పుల్లలు ఒకటి, మొద్దులు ఒకటి. చితుకులు ఏరుకొచ్చే పని నాది. చెట్ల కింద వంగి ఏరుతూ ఏరుతూ, ఏది పుటుక్కున విరుగుతుందో, ఏది పచ్చిదో చేత్తో ముట్టుకోగానే చెప్పగలిగేవాణ్ణి. ఆవిడ ముందు చితుకులకి నిప్పంటించేది. మంట లేచాక పుల్లలు. అవి బాగా అంటుకున్నాకే మొద్దు. తొందరపడి మొద్దు తోస్తే మంట చచ్చి పొగ కమ్ముకుంటుంది. అలాగని చితుకులే వేస్తూ కూర్చుంటే మంట భగ్గున లేస్తుంది గానీ ఎసరు కాగదు. ఎప్పుడు ఏది పెట్టాలో నాయనమ్మ మంట రంగు చూసి చెప్పేది. ఆవిడ పక్కన కూర్చుని గంటలకి గంటలు ఆ మంటే చూసేవాణ్ణి.

మంచి మ్యాచ్‌మేకర్ చేసేది ఇదే. కొత్తవాడికి మొదట 4 రౌండ్ల పోటీలు పెడతారు. తర్వాత 6, 8, 10. ప్రపంచ టైటిల్ పోటీ 12 రౌండ్లు. రౌండ్లతోపాటు ఎదుటివాడూ మారతాడు. ఒకడు పొడగరి, ఒకడు ఎడమచేతి వాటం, ఒకడు అందకుండా తిరిగేవాడు, ఒకడు ఎన్ని తిన్నా మీదికొచ్చేవాడు. ఒక్కొక్కడి దగ్గర ఒక్కో పాఠం ఉంటుంది.

మైక్ టైసన్‌ని చూడండి. 1985 మార్చిలో మొదటి ప్రొఫెషనల్ పోటీ. ఆ ఏడాదిలోనే మొత్తం 15 పోటీలు! మొదటి 19 మందినీ నాకౌట్ చేశాడు. 1986 మేలో జేమ్స్ టిల్లిస్‌ని తెచ్చి ఎదుట నిలబెట్టారు. అంతకుముందే ప్రపంచ టైటిల్‌కి పోటీపడి ఓడిన అనుభవజ్ఞుడు. 10 రౌండ్లూ నాకౌట్ కాకుండా నిలిచాడు. టైసన్ పాయింట్ల మీద గెలిచాడు. ఎంత కొట్టినా నాకౌట్ కానివాడితో చివరిదాకా ఎలా నెగ్గుకురావాలో ఆ రాత్రి నేర్చుకున్నాడు. అది గట్టి పుల్ల. ఆ నవంబరులోనే ట్రెవర్ బెర్బిక్‌ని రెండో రౌండ్‌లో పడగొట్టి, 20 ఏళ్లకే హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

టైసన్ గురువు కస్ డి'అమాటో అంతకు చాలా ఏళ్ల ముందు ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌కి మేనేజర్. ప్యాటర్సన్ ఛాంపియన్‌గా ఉన్నప్పుడు సోనీ లిస్టన్ అనే భీకరుడు ఎదురుచూస్తున్నాడు. వద్దని డి'అమాటో ఆపుతూ వచ్చాడు. అర్హుడైనవాడికి అవకాశం ఇవ్వకుండా ఛాంపియన్ననిపించుకోవడం ప్యాటర్సన్‌కి నచ్చలేదు. 1962 సెప్టెంబరులో షికాగోలో పోటీ జరిగింది. 2 నిమిషాల 6 సెకన్లలో ప్యాటర్సన్ ఓడిపోయాడు. మరుసటి ఏడాది మళ్లీ తలపడితే మళ్లీ మొదటి రౌండే. డి'అమాటో మంటను సరిగ్గానే చదివాడు. అయినా నా మనసు ప్యాటర్సన్ వైపే మొగ్గుతుంది. ఓడతానేమోనన్న భయం కంటే తప్పించుకుంటున్నానన్న బాధ అతనికి బరువైంది.

అందరికీ ఒకే కొలత కూడా కాదు. వసీల్ లోమచెంకో అమెచ్యూర్‌గా 396 గెలిచి ఒక్కటే ఓడాడు, రెండు ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చాడు. ప్రొఫెషనల్‌గా రెండో పోటీకే, 2014 మార్చిలో, ప్రపంచ టైటిల్ కోసం దిగాడు. తృటిలో ఓడాడు. మూడు నెలలకి మూడో పోటీలో గెలిచాడు. ఆ పొయ్యి అప్పటికే రాజుకుని ఉంది.

ఇక మీ కుర్రవాడి సంగతి. ఓటమి లేని రికార్డు ఉంటే టికెట్లు తెగుతాయి, టీవీవాళ్లు ముందుకొస్తారు. ఓటముల దగ్గరున్న ఆ సున్నా చెరిగిపోతుందేమోనని కొందరు ప్రమోటర్లు చితుకుల్లాంటి తేలిక ప్రత్యర్థుల దగ్గరే ఆగిపోతారు. మంట ఎత్తుగా కనిపిస్తుంది, మొద్దు పడేసరికి ఆరిపోతుంది. ఆ తప్పు కుర్రవాడిది కాదు. పేరున్నవాళ్ల విషయంలోనూ బేరాలు పోటీల్ని నలిపేస్తాయి. మేవెదర్, పకియావ్‌ల పోటీకి 2009లోనే మాటలు మొదలయ్యాయి. కుదిరింది 2015 మేలో. అప్పటికి ఒకరికి 38, ఒకరికి 36. ఇద్దరూ మంచి వయసులో ఉండగా చూసే భాగ్యం మాకు దక్కలేదు.

ప్రమోటర్లు ఎంతకీ తెగకపోతే టైటిల్ ఇచ్చే సంస్థ వేలం పెడుతుంది. ఎక్కువ పాడినవాడికే పోటీ నడిపే హక్కు. అమెరికాలో 2000లో ముహమ్మద్ అలీ పేరు మీద ఒక చట్టం తెచ్చారు. ఆ చట్టం ప్రకారం ప్రమోటరే మేనేజర్‌గా కూడా ఉండి రెండు చేతులా తినకూడదు. పోటీ మీద తనకెంత వస్తోందో ప్రమోటర్ బాక్సర్‌కి చెప్పాలి. దెబ్బలు తినేవాడికి లెక్క తెలియాలి కదా!

చితుకులని ఇంతసేపూ తేలిగ్గా అంటున్నాను గానీ వాళ్లూ మనుషులే. బర్మింగ్‌హామ్‌కి చెందిన పీటర్ బక్లీ 300 పోటీలు ఆడాడు. గెలిచినవి 32, ఓడినవి 256, మిగిలినవి డ్రా. కుర్రవాళ్లకి అనుభవం కావాలంటే అతన్ని పిలిచేవాళ్లు. తర్వాత ప్రపంచ ఛాంపియనైన నసీమ్ హమెద్ ఎదిగే రోజుల్లో అతనితో రెండుసార్లు తలపడ్డాడు. చిన్న హాళ్లలో ఆ ఊరి బాక్సర్ తన స్నేహితులకీ చుట్టాలకీ టికెట్లు అమ్ముతాడు. బక్లీలాంటివాడు సంచీ భుజాన వేసుకుని వచ్చి, ఒళ్లు కాచుకుంటూ కుర్రవాడికి నాలుగు రౌండ్లు నేర్పి, డబ్బు తీసుకుని ఇంటికి వెళతాడు. 2008లో చివరి పోటీ గెలిచి మరీ విరమించాడు. అతన్ని ఓడిపోయినవాడని మాత్రం అనకండి. ఎంతమంది అతని దగ్గర పని నేర్చుకున్నారో!

ఇప్పుడొక పని చేయండి. బాక్స్‌రెక్ అని బాక్సర్ల రికార్డులుండే వెబ్‌సైట్ ఉంది. మీకిష్టమైన ఛాంపియన్ పేజీ తెరిచి, పైన ఉండే గెలుపుల సంఖ్యని వదిలేసి కిందికి దిగండి. మొట్టమొదటి పోటీ నుంచి ఎదుటివాళ్ల రికార్డులు వరసగా చదవండి. గెలుపుల కంటే ఓటములు ఎక్కువున్నవాళ్లు ఎక్కడిదాకా వచ్చారో, రౌండ్లు ఎప్పుడు పెరిగాయో, మొదటి మొద్దు ఎన్నో పోటీలో పడిందో గుర్తుపెట్టండి. తర్వాత మొదటి పోటీలో ఓడినవాడి పేజీ కూడా తెరవండి. అతను అక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్లాడో చూసి నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య