ఇంటిపేరు చెబితే గెడ్డ చెప్పొచ్చా?

అరకు దారిలో అనంతగిరి ఘాట్ రోడ్డు పక్కన చిన్న గెడ్డ, అంటే కొండవాగు. జనవరి ఉదయం కావడంతో నీళ్ళలో చెయ్యి పెట్టగానే జివ్వుమంది. అడుగునున్న రాయి ఒకటి ఎత్తి తిరగేస్తే, తడి రాతిని కరుచుకుని గోరంత పురుగు కనిపించింది. ఒళ్ళు అప్పడంలా పలచగా ఉంది. వెనక మూడు తోకపోగులు. పొట్టకు అటూ ఇటూ వరసగా సన్నని రేకులు అల్లాడుతున్నాయి. అవే దాని మొప్పలు. ఇది మేఫ్లై పిల్ల. నెలల తరబడి నీళ్ళలో పెరిగి, రెక్కలొచ్చాక కొద్ది గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు బతుకుతుంది. ఆ కాస్త కాలంలో తిండి కూడా తినదు.

అదే రాతికి ఇంకో పక్క, ఇసుక రేణువులు అతికించి కట్టిన చిన్న గొట్టం ఉంది. కాసేపు కదపకుండా ఉంచితే అందులోంచి నల్లని తల, ఆరు కాళ్ళు బయటికొచ్చాయి. ఇది కాడిస్‌ఫ్లై పిల్ల. తన నోటి దగ్గర నుంచి వచ్చే పట్టుదారంతోనే ఆ గొట్టం కట్టుకుంటుంది. సీతాకోకచిలుకలకూ పట్టుపురుగుకూ ఇది దగ్గరి చుట్టం. పట్టు ఒడికే విద్య ఇద్దరికీ ఒకే పూర్వీకుల నుంచి వచ్చింది. ఒకరు దాన్ని మల్బరీ ఆకు మీద వాడుకుంటే, ఇంకొకరు నీటి అడుగున వాడుకుంటున్నారు.

ఈ పురుగులు ఇంకా ఏయే గెడ్డల్లో ఉంటాయి? తూర్పు కనుమల్లో ఉన్న వాగులన్నిటికీ వెళ్ళి రాళ్ళు తిరగేసేంత మంది మనుషులు లేరు. వెళ్ళినవాళ్ళూ ఎక్కువగా రోడ్డు వంతెన దగ్గరే చూసి వచ్చేస్తారు. ప్రపంచంలో నీటి పురుగుల్లో పేరు పెట్టినవే సుమారు లక్ష జాతులు. అందులో చాలావాటికి ఊరూ వాడా తెలియదు. అందుకే చూడని చోటును లెక్క కట్టి ఊహించాల్సి వస్తుంది.

ఊహించడానికి మొదటి ఆధారం పరిసరాలు. విశాఖ నుంచి అరకు రోడ్డున 115 కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే సముద్రమట్టం నుంచి 900 మీటర్ల పైకి వెళ్తాం. పైకి వెళ్ళేకొద్దీ గాలి వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. చల్లని నీళ్ళు ఆక్సిజన్‌ను ఎక్కువగా పట్టి ఉంచుతాయి. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా కరిగితే, 30 డిగ్రీల నీటిలో ఏడున్నరే కరుగుతుంది. మొప్పలతో ఊపిరి తీసుకునే పురుగుకు ఆ తేడా చిన్నది కాదు. దీనికి తోడు వాలు ఎంత, అడుగున బండరాళ్ళా ఇసుకా, పైన చెట్ల నీడ ఉందా, ఒడ్డున అడవా పొలమా అన్నవి కూడా కావాలి. వీటిలో చాలావరకు ఇప్పుడు ఉపగ్రహ చిత్రాల నుంచీ ఎత్తుల మ్యాపుల నుంచీ ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. పురుగు దొరికిన చోట్ల ఇవన్నీ ఎలా ఉన్నాయో చూసి, అలాంటి చోట్లే ఇంకెక్కడున్నాయో కంప్యూటర్ వెతుకుతుంది.

చిక్కంతా అరుదైన జాతుల దగ్గరే. ఒక పురుగు రెండే రెండు గెడ్డల్లో దొరికిందనుకోండి. దానికి చల్లదనం కావాలా, నీడ కావాలా, లేక మనం వెతికింది ఆ రెండు చోట్లేనా? రెండు చుక్కలతో ఏ లెక్కా తేలదు.

అప్పుడు చుట్టాలను అడగాలి. మన దగ్గర కొత్త మనిషి కనబడితే పేరు కంటే ముందు ఇంటిపేరు అడుగుతారు. చెప్పగానే "అయితే మీది ఫలానా ఊరు కదా" అంటారు. చాలాసార్లు నిజమవుతుంది కూడా, ఎందుకంటే మన ఇంటిపేర్లలో చాలా భాగం ఊళ్ళ నుంచి పుట్టినవే. పురుగులకూ అలాంటి ఇంటిపేర్లున్నాయి. వాటి డీఎన్ఏ పోల్చి చూస్తే ఏ జాతి దేనికి దగ్గరో, ఏ కొమ్మ ఎప్పుడు చీలిందో వంశవృక్షం గీయవచ్చు. చుట్టాలన్నీ చల్లని, వేగంగా పారే నీళ్ళనే కోరుకుంటే, రెండు చోట్లే దొరికిన ఆ జాతి కూడా అదే కోరుకుంటుందని మొదలుపెట్టడం న్యాయమే. సొంత సమాచారం పెరిగేకొద్దీ చుట్టాల మాటకు విలువ తగ్గుతుంది.

చుట్టరికాన్ని ఎంత నమ్మాలో ముందే తేల్చేసి పెట్టరు, అది నాకు బాగా నచ్చిన విషయం. ఇలా ఊహించే కంప్యూటర్ లెక్కను మోడల్ అంటారు. అందులో సున్నా నుంచి ఒకటి దాకా కదిలే ఒక అంకె ఉంటుంది. సున్నా అంటే వంశం మాటే లెక్కలోకి రాదు. ఒకటి అంటే చుట్టరికం ఎంత దగ్గరైతే అభిరుచులూ అంత దగ్గర. ఆ అంకె ఎక్కడ ఆగాలో డేటానే చెబుతుంది.

నిజానికి ఈ ఆలోచన తెలియకుండానే పాతకాలం నుంచీ వాడుకలో ఉంది. నీటి శుభ్రతకు మార్కులు వేయడానికి 1970ల చివర్లో బ్రిటన్‌లో ఒక పద్ధతి తెచ్చారు. ఒక్కో పురుగు కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కు. చల్లని, శుభ్రమైన వాగుల్లో పెరిగే స్టోన్‌ఫ్లై పురుగుల కుటుంబాల్లో చాలావాటికి పది, ఎర్రని నీటి పురుగులుండే కైరోనమిడే కుటుంబానికి రెండే. జాతిని గుర్తుపట్టక్కర్లేదు, కుటుంబం తెలిస్తే చాలు. అంటే ఒకే ఇంటివాళ్ళ ఓర్పు ఒకేలా ఉంటుందని నమ్మినట్టే కదా.

అయితే ఆ నమ్మకం దెబ్బతినేది కూడా అక్కడే. కైరోనమిడే కుటుంబంలో కొన్నిటి ఒంట్లో మన రక్తంలో ఉన్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది. అందుకే అవి ఎర్రగా ఉంటాయి, ఆక్సిజన్ దాదాపు లేని మురుగులో కూడా బతుకుతాయి. అదే కుటుంబంలో చల్లని కొండవాగుల్లో తప్ప బతకని జాతులు కూడా ఉన్నాయి. ఇంటిపేరు ఒకటే, బతుకులు వేరు. అందుకే కుటుంబం దగ్గర ఆగకుండా, ఏ కొమ్మ దాకా పోలిక నిలుస్తుందో వంశవృక్షం వెంట వెళ్ళి చూడాలి.

వంశం ఇంకో సంగతి కూడా చెబుతుంది, చరిత్ర. హిమాలయాల వాగుల్లో స్టోన్‌ఫ్లై కుటుంబాలు చాలా ఉన్నాయి. దక్షిణాదికి వస్తే ప్రధానంగా కనిపించేది పెర్లిడే అనే ఒక్క కుటుంబమే. నీటి చల్లదనం, వేగం మాత్రమే చూసే మోడల్ మన కొండల్లో ఫలానా చోటు ఆ ఉత్తరాది కుటుంబాలకు కూడా పనికొస్తుందని చెప్పవచ్చు. కానీ స్టోన్‌ఫ్లైలు దూరం ఎగరలేవు. మధ్యలో వందల కిలోమీటర్ల వేడి మైదానాలు. చోటు బాగున్నంత మాత్రాన చేరుకోగలిగి ఉండాలని లేదు.

ఇదంతా ఎందుకంటారా? విశాఖలో పెరిగే పిల్లలను గెడ్డ అంటే ఏమిటని అడిగి చూడండి. మురుగు కాలువ అంటారు. నాకు బాధ కలిగించే మాట అది. మేఘాద్రిగెడ్డ నీళ్ళు ఊరు తాగుతోంది, పేరులోనే గెడ్డ ఉంది, అయినా ఆ మాట మురుగుకు అంటుకుపోయింది. చెడిపోయిన వాగులో ఒకప్పుడు ఏవేవి ఉండేవో రాసిపెట్టినవారు లేరు. ఇలాంటి లెక్క అక్కడ పనికొస్తుంది. ఈ ఎత్తులో, ఈ వాలులో, ఇంత నీడలో మామూలుగా ఇరవై కుటుంబాలు ఉండాలి అని మోడల్ చెప్పి, వెతికితే ఐదే దొరికితే, పోయింది ఎంతో అంకెల్లో తెలుస్తుంది.

మోడల్ చెప్పింది నిజమో కాదో తేల్చేది మళ్ళీ రాళ్ళే. తెలిసిన గెడ్డల్లో కొన్నిటిని ముందే దాచిపెట్టి, మిగతావాటితో లెక్క నేర్పించి, దాచినవాటిని ఊహించమంటారు. ఆ తర్వాత అసలు చూడని చోటికి వెళ్ళాలి. పది రాళ్ళు తిరగేసినా ఏమీ దొరక్కపోతే దాన్ని కూడా తేదీతో సహా రాసుకోవాలి. చాలామంది ఈ పని చేయరు. దొరికినవే రాస్తారు. లేదని తెలిసిన చోటుకూ, ఎవరూ చూడని చోటుకూ తేడా ఆ కాగితం మీదే నిలుస్తుంది.

అనంతగిరిలో ఆ రాయిని ఎత్తిన చోటే, మునుపటి వైపే కిందికి వచ్చేలా బోర్లించాను. గొట్టంలోని పురుగు అప్పటికే తల లోపలికి లాక్కుంది.