'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో డబ్బు లెక్కలు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, వరంగల్ కాలేజీల్లో ఇంగ్లిష్ సాహిత్యం చదివేవాళ్లు జేన్ ఆస్టెన్ నవల (1813) మీద ప్రశ్న వస్తే ప్రేమ, అహంకారం గురించి పేజీలు నింపుతారు. పౌండ్ల దగ్గరే తడబడతారు.

అపోహ: కథానాయకుడు డార్సీకి 10,000 పౌండ్లు, చెల్లెలు జార్జియానాకు 30,000. కాబట్టి చెల్లెలే ఎక్కువ ధనవంతురాలు.

వాస్తవం: డార్సీది ఏడాది రాబడి, జార్జియానాది అసలు, అంటే మిత్తి తెచ్చే మూలధనం. రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. అసలు మీద నూటికి 4 లేదా 5 చొప్పున మిత్తి వేస్తే ఆమెకు ఏటా వచ్చేది 1,200 నుంచి 1,500. ఈ రేటుకు ఆధారం నవలలోనే ఉంది: డార్సీ మిత్రుడు బింగ్లీకి తండ్రి వదిలింది దాదాపు లక్ష, ఏడాది రాబడి నాలుగైదు వేలు. మన దగ్గర 'రెండు రూపాయల మిత్తి' అంటే నెలకు, అక్కడిది ఏడాదికి. ఇది మరిస్తే లెక్కంతా తారుమారే.

అపోహ: ఆడపిల్లలకు భూమి రాకూడదని అప్పటి ఇంగ్లిష్ చట్టం.

వాస్తవం: కాదు. కథానాయిక ఎలిజబెత్ తండ్రి బెన్నెట్‌కున్న లాంగ్‌బర్న్ ఎస్టేటుకు ఎన్‌టెయిల్ అనే వారసత్వ షరతు ఉంది: మగసంతానం లేకపోతే అది బంధువు కాలిన్స్‌కు పోతుంది. తన ఇంటి ఎస్టేటు రోజింగ్స్‌కు అలాంటి షరతు అవసరం పడలేదని డార్సీ తల్లికి తోబుట్టువైన లేడీ కేథరిన్ స్వయంగా చెబుతుంది. అక్కడ వారసురాలు కూతురే. చాలామంది వదిలేసే ముక్క ఇంకోటుంది. కొడుకు పుడితే, వాడు మేజరయ్యాక తండ్రీకొడుకులు కలిసి షరతు తెంచుకోవచ్చని బెన్నెట్ దంపతులు నమ్మారు. ఏటా 2,000 వస్తున్నా పొదుపు చేయకపోవడానికి కారణం అదే. పుట్టింది ఐదుగురూ ఆడపిల్లలు. పెళ్లి ఒప్పందంలో భార్యాపిల్లలకు రాసిపెట్టింది మొత్తం 5,000. అందులో ఎలిజబెత్‌కు వెయ్యి, అదీ తల్లి పోయాకే. నూటికి 4 చొప్పున ఏడాదికి 40 పౌండ్లు! డబ్బు మీద తనకు ఆశే లేదంటూ, పెళ్లి అడిగే మాటల్లోనే కాలిన్స్ ఈ వెయ్యి సంగతి ఆమెకు అప్పజెబుతాడు. హాస్యపాత్రే కదా అని ఆ పేరా దాటేస్తే నవలకున్న గట్టి ఆధారం పోయినట్టే.

అపోహ: డార్సీ 'లార్డ్'.

వాస్తవం: బిరుదేమీ లేదు, మేనమామ ఎర్ల్ (బిరుదున్న ప్రభువు), అంతే. బిరుదున్నది ఒకప్పుడు మెరిటన్ అనే ఊళ్లో వ్యాపారం చేసిన సర్ విలియం లూకస్‌కు.

అపోహ: బింగ్లీ కుటుంబం తరతరాల భూస్వాములు.

వాస్తవం: వాళ్ల సొమ్ము వ్యాపారంలో వచ్చింది. బింగ్లీ ఉండే నెదర్‌ఫీల్డ్ బంగళా కూడా అద్దెకు తీసుకున్నదే. అయినా ఎలిజబెత్ మేనమామ లండన్‌లోని వ్యాపార వీధి చీప్‌సైడ్ దగ్గర ఉంటాడని బింగ్లీ అక్కాచెల్లెళ్లు పగలబడి నవ్వుతారు. జవాబులో రాబడి, అసలు పక్కన 'ఎక్కడి నుంచి వచ్చింది' అనే మూడో గడి గీసుకోండి. వాళ్ల నవ్వులోని డొల్లతనం అక్కడే పట్టుబడుతుంది.