గుండె లయ తప్పే గంట ఏది?

"తెల్లారి లేపితే లేవలే." ఆకస్మిక గుండె మరణం గురించి వరంగల్ పల్లెల్లో ఇంటివాళ్లు తరచూ చెప్పే మాట ఇది. అది వాళ్లు చూసిన సమయమే తప్ప ప్రాణం పోయిన సమయం కాదు. ప్రమాదకరమైన గుండె లయలకు రోజులో ఫలానా వేళంటూ ఉందా అన్న ప్రశ్న చాలాకాలం ఈ తేడా దగ్గరే ఆగిపోయింది.

తొలి లెక్కలు మరణ ధ్రువపత్రాల నుంచి వచ్చాయి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1983లో ఆసుపత్రి బయట హఠాత్తుగా చనిపోయిన 2,203 మంది వివరాలను జేమ్స్ ముల్లర్ బృందం గంటలవారీగా పేర్చి 1987లో ప్రచురించింది. రాత్రి తక్కువ, ఉదయం 7 నుంచి 11 మధ్య ఎక్కువ. ఫ్రేమింగ్‌హామ్ అనే అమెరికా పట్టణవాసుల గుండె అధ్యయనం లెక్కలోనూ ఉదయం 7, 9 గంటల మధ్య ముప్పు మిగతా వేళల సగటు కంటే కనీసం 70 శాతం ఎక్కువని తేలింది. నిద్రలో పోయినవాళ్ల పత్రంలో గంట ఎవరు రాశారు అన్న అనుమానం మాత్రం న్యాయమైనదే.

దాన్ని తీర్చాల్సింది యంత్రమే. నార్మన్ హోల్టర్ తొలి ఈసీజీ రికార్డరు వీపున మోయాల్సిన 38 కిలోల మూట. ఆయన పేరుతోనే పిలిచే, 24 గంటలు ఒంటికి తగిలించుకునే ఇప్పటి హోల్టర్ అరచేతిలో ఇముడుతుంది కానీ, ప్రాణాంతక లయ సరిగ్గా ఆ 24 గంటల్లోనే రావాలని లేదుగా! 1980 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లో మిషెల్ మిరౌస్కీ బృందం తొలిసారి మనిషికి ఐసీడీ (ప్రమాదకర లయను పసిగట్టి షాక్ ఇచ్చే, ఒంట్లో అమర్చే పరికరం) అమర్చింది. తొలి పరికరాలు షాక్ ఇచ్చేవే గాని గంట గుర్తుపెట్టుకునేవి కావు. మెమరీ చేరాక ప్రతి వెంట్రిక్యులర్ టాకికార్డియాకూ (గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకర వేగపు లయ) తేదీ, నిమిషం దొరికాయి. చాలా అధ్యయనాల్లో ఉదయపు పెరుగుదల నిలిచింది. అయితే అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో హఠాత్తుగా గుండె ఆగినవాళ్లపై 2019లో వెలువడిన లెక్కలో అది కనిపించలేదు.

నిద్రలేచి నిలబడగానే అడ్రినలిన్ జాతి హార్మోన్లు పెరుగుతాయి, బీపీ ఎక్కుతుంది. పాత గుండెపోటు మచ్చ చుట్టూ విద్యుత్తు సుడి తిరగడానికి అదే అదను. ఆ హార్మోన్ల ప్రభావాన్ని గుండె మీద తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లలో ఉదయపు పెరుగుదల చదునవడం ఈ వివరణకు బలం. వంశపారంపర్యంగా వచ్చే గుండె లయ జబ్బు బ్రుగాడా సిండ్రోమ్‌ది ఎదురు లెక్క: దాని దాడి ఎక్కువగా రాత్రి, నిద్రలో.

రోజుకు రెండుసార్లు వేసుకోవాల్సిన మామూలు మెటోప్రొలాల్ అనే బీటా బ్లాకర్‌లో రాత్రి మాత్ర మానేస్తే, తెల్లవారేసరికి ఒంట్లో మందు చాలా తక్కువే మిగులుతుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకాన్ని నూరితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది. మూత్రం ఎక్కువ పోయేలా చేసే ఫ్రూసెమైడ్ మందుతో రక్తంలో పొటాషియం పడిపోతే ఇక ఏ గంటైనా ముప్పే.

నైట్ షిఫ్ట్ దిగి పొద్దున పడుకునే గోదావరిఖని బొగ్గుగని కార్మికుడికి "ఉదయం" ఎప్పుడు? లేచి నిలబడే ఒత్తిడి సాయంత్రం వస్తుంది, గుండె కణాల లోపలి గడియారం మాత్రం షిఫ్టు మారినంత త్వరగా మారదు. అందుకే హోల్టర్‌తో ఇచ్చే డైరీలో పడుకున్న గంట, లేచిన గంట, మాత్ర వేసుకున్న గంట, కళ్లు తిరిగిన గంట రాయాలి. ఆ కాగితం ఖాళీగా తిరిగొస్తే, రిపోర్టులో 6 గంటలకు నమోదైన దడ అతను నిద్రలో ఉండగా వచ్చిందో, షిఫ్టులో ఉండగా వచ్చిందో చదివే డాక్టరుకు తెలియదు.