లెక్కలంటే పడనోళ్ళకి ఉద్యోగాలు: అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో 11 ఏళ్ళుగా కెరీర్ కౌన్సెలింగ్ చేస్తా ఉన్నా. వారానికి ఇద్దరు ముగ్గురైనా "సార్, మావోడికి లెక్కలు రావు, అంకెలు లేని పనేదైనా చెప్పండి" అంటా వస్తారు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: అంకెలే లేని ఉద్యోగం ఒకటుంటుంది, అది వెతుక్కుంటే చాలు.

వాస్తవం: అట్లాంటిది నేనైతే చూడలేదు. ఏ రకం అంకెలంటే పడవు అనేదే అసలు ప్రశ్న. యాత్రికులు దిగే ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి వచ్చింది, ఇంటర్‌లో మ్యాథ్స్ రెండుసార్లు సప్లీ రాసింది, నాకు నంబర్లు చూస్తేనే చేతులొణుకుతాయి సార్ అనింది. వారం రోజులు ఎప్పుడెప్పుడు ఒణికిందో రాసుకోమ్మా అని చెప్పినా. రాసుకొచ్చినవన్నీ రాత్రి షిఫ్ట్ క్లోజింగ్‌లోవే, క్యాష్, కార్డు స్లిప్పులు, ఫోన్‌పే అన్నీ ట్యాలీ చేసేటప్పుడు మేనేజర్ పక్కనే నిలబడి ఎంత తగ్గింది అని అడుగుతా ఉంటే. అదే పిల్లకి ఏ రూములో ఎవరున్నారు, ఎవురు ఎన్ని గంటలకి ఖాళీ చేస్తారు అన్నీ నోటికే. అంటే భయం అంకెలది కాదు, డబ్బు బాధ్యతది. క్యాష్ ముట్టుకోని రిజర్వేషన్ డెస్క్‌కి మారింది, తమిళం హిందీ కూడా వచ్చు కాబట్టి అక్కడ బాగా కుదురుకుంది.

ఇంకోటి చూడండి, టీటీడీ శిల్ప కళాశాలలో చేరే పిల్లోళ్ళు. విగ్రహానికి తాళమానం ఉంటుంది, ముఖం పొడుగుని కొలతగా పెట్టుకుని ఒళ్ళంతా లెక్కగట్టాలి. ఆల్జీబ్రా అంటే పారిపోయినోళ్ళు కూడా చేతిలో కొలత ఉంటే ఇష్టంగా చేస్తారు.

అపోహ: సేల్స్ అంటే మాటలే, లెక్కలుండవు.

వాస్తవం: టార్గెట్టు, పర్సెంటేజి, ఇన్సెంటివ్, రోజూ రిపోర్టు. చేరేముందు అడిగి తెలుసుకోండి.

అపోహ: బైపీసీ తీసుకుని నర్సింగ్‌కి పోతే లెక్కల గొడవ ఉండదు.

వాస్తవం: 10 ఎం.ఎల్.లో 500 ఎం.జి. మందుంటే 250 ఎం.జి.కి ఎంత తీయాలి? ఇది రోజూ ఉంటుంది, తప్పితే ప్రాణం మీదికొస్తుంది. కానీ స్పీడు అక్కర్లేదు, నెమ్మదిగా వేసి ఇంకొకరితో చెక్ చేయించుకునే అలవాటుంటే చాలు, భయపడి మానుకోవద్దు.

అపోహ: లెక్కలు రాకపోతే గవర్నమెంటు ఉద్యోగం మర్చిపోవాల్సిందే.

వాస్తవం: బ్యాంకు పరీక్షలకైతే నిజమే, అంకెల పేపరు తప్పదు. కానీ 2024లో జరిగిన ఏపీ గ్రూప్-2 ప్రిలిమ్స్ చూడండి, 150 మార్కుల్లో లెక్కల్లాంటివి వచ్చే మెంటల్ ఎబిలిటీకి 30, మిగతా 120 చరిత్ర, జాగ్రఫీ, భారతీయ సమాజం, కరెంట్ అఫైర్స్. సివిల్స్ ప్రిలిమ్స్‌లో లెక్కలుండే రెండో పేపరు సీశాట్, దాంట్లో 200కి 33 శాతం తెచ్చుకుంటే చాలు, ఆ మార్కులు మెరిట్‌లో కలపరు. చదివే ఓపికున్న పిల్లల్ని లెక్కల పేరు చెప్పి ఇంట్లోనే ఆపేయడం చూస్తే నాకు చానా బాధేస్తుంది.

అపోహ: లెక్కలు రానోడు సోమరి.

వాస్తవం: ఈ మాట దయచేసి మానేయండి. 20 ఏళ్ళొచ్చినా 27ని 72 అని రాసేవాళ్ళు, గడియారం చూసి టైం చెప్పడానికి తడుముకునేవాళ్ళు నా దగ్గరికి వస్తారు. కొందరికి అది డిస్‌కాల్కులియా, అంటే అంకెల్ని అర్థం చేసుకోవడంలోనే ఉండే ఇబ్బంది కావచ్చు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో అభ్యసన వైకల్యాల కింద దాని పేరు కూడా ఉంది. మీ పిల్లోడిలో ఇట్లాంటివి కనిపిస్తే ఇంకో ట్యూషన్ పెట్టించే ముందు ఒకసారి సైకాలజిస్టుకి చూపించండి.