చెంచా పెట్రోలుకు వంద మీటర్లు

చిన్న కారు కొన్నవాళ్లలో నూటికి తొంభై మంది అడిగే ప్రశ్న ఇది: కంపెనీ కాగితంలో లీటరుకు 24 అని రాశారు, నాకు 13 దాటడం లేదు, బండిలో లోపమా? ఉండొచ్చు. చాలాసార్లు ఉండదు. తేల్చుకోవాలంటే మాత్రం లీటర్లను పక్కన పెట్టి చెంచాల్లో లెక్క వెయ్యాలి.

టీ చెంచాలో 5 మిల్లీలీటర్లు పడుతుంది. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే బండికి కిలోమీటరుకు కావలసింది 50 మిల్లీలీటర్లు, అంటే పది చెంచాలు. చెంచాకు వంద మీటర్లన్నమాట. ఇక దేన్నయినా ఈ చెంచాతోనే కొలవొచ్చు.

ముందు బ్రేకు సంగతి. మనిషితో కలిపి 950 కిలోలున్న బండి 40 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాని గతిజశక్తి సుమారు 59 కిలోజౌళ్లు. బండిని లాగడానికి అదనంగా కాల్చే పెట్రోలులో మూడో వంతు శక్తే చక్రాలదాకా చేరుతుంది, కాబట్టి ఆ వేగం తెచ్చుకోవడానికి 178 కిలోజౌళ్ల పెట్రోలు ఖర్చయింది. లీటరులో దాదాపు 32 మెగాజౌళ్లుంటాయి. భాగిస్తే ఒక చెంచా, ఆపైన కొన్ని చుక్కలు. బ్రేకు తొక్కి ఆపగానే ఆ చెంచా డిస్కులను వేడెక్కించి గాలిలో కలిసిపోతుంది. 60 నుంచి ఆపితే పోయేది ఒకటిన్నర చెంచా కాదు, రెండున్నర. వేగం ఒకటిన్నర రెట్లయితే శక్తి రెండుంబావు రెట్లవుతుంది మరి. బడిలో ఈ సూత్రాన్ని వల్లె వేయించి వదిలేస్తారు గానీ, బ్రేకు పెడల్ పక్కన చెంచా పెట్టి చూపిస్తే జన్మలో మరిచిపోరు.

రెండోది అద్దె. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ, బండి కదిలినా కదలకపోయినా, తన రాపిడికి తాను పెట్రోలు కట్టుకోవాల్సిందే. లీటరు సామర్థ్యమున్న ఇంజిన్ ఐడిల్‌లో, అంటే పెడల్ తొక్కకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు, గంటకు సుమారు 0.6 లీటరు తీసుకుంటుంది. అంటే సిగ్నల్ దగ్గర అర నిమిషం నిలబడితే ఒక చెంచా. ఏసీ వేస్తే ఇంకో 0.45 లీటరు దాకా కలుస్తుంది, పదిహేడు సెకన్లకే చెంచా ఖాళీ. ఈ ఖర్చు కిలోమీటర్లకు కాదు, గడియారానికి. మైలేజీ మీద వచ్చే అపోహల్లో సగం ఈ తేడా పట్టుకోకపోవడం వల్లే వస్తాయి.

ఇప్పుడు గంటసేపు పాకి 15 కిలోమీటర్లు దాటిన బండి లెక్క చూద్దాం. మూడు వందల మీటర్లకోసారి 40 నుంచి ఆగిందనుకుంటే యాభై బ్రేకులకు 55 చెంచాలు. టైర్ల రాపిడికి, గాలికి కలిపి 35. ఇంజిన్ అద్దె 130. మొత్తం 220 చెంచాలు, అంటే 1.1 లీటరు. మైలేజీ 13.6. ఏసీ వేస్తే మరో 90 చెంచాలు కలిసి 9.7కి పడిపోతుంది. లోపం లేని బండికే ఇంత!

అదే బండిని గంటసేపు నిలకడగా 80లో తోలితే గాలికి 295 చెంచాలు, టైర్లకు 155. ఇంజిన్ వేగంగా తిరుగుతుంది కాబట్టి అద్దె 180కి పెరుగుతుంది. మొత్తం 630, మైలేజీ 25 పైచిలుకు. ఏసీ ఇక్కడా అదే 90 చెంచాలు తింటుంది గానీ అవి 80 కిలోమీటర్ల మీద పరుచుకుంటాయి. కిలోమీటరుకు చెంచా కంటే కాస్త ఎక్కువ. రద్దీలో కిలోమీటరుకు ఆరు.

కంపెనీ చెప్పే అంకె అబద్ధం కాదు. అది ఇంకెవరిదో ప్రయాణం. యూరప్‌లో చాలాకాలం వాడిన ఎన్‌ఈడీసీ పరీక్షలో బండి రోలర్ల మీద 20 నిమిషాల్లో 11 కిలోమీటర్లు తిరిగేది, ఏసీ ఆపేసి. అందులో సున్నా నుంచి 50 అందుకోవడానికి 26 సెకన్లు ఇచ్చారు. వెనక హారన్లు మోగుతుంటే అంత నెమ్మదిగా ఎవరు వెళ్తారు? 2017 నుంచి దాని స్థానంలోకి వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీలో 30 నిమిషాలు, 23 కిలోమీటర్లు. వేగాలూ కుదుపులూ నిజానికి దగ్గర, ఏసీ మాత్రం అందులోనూ లేదు. అమెరికాలో 2008 మోడళ్ల నుంచి ఏసీతో ఒక పరీక్ష, చలిలో ఒకటి కలిపి లెక్కిస్తున్నారు. అందుకే అక్కడి అంకెలు చిన్నవిగానూ నమ్మదగినవిగానూ కనిపిస్తాయి.

చిన్న కారుకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. దాని పొదుపంతా బరువులోనే ఉంది. బరువు సగానికి తగ్గినా గాలికి ఎదురొడ్డే ముఖం సగమవదు. లోపల కూర్చునేది అవే భుజాలు, అవే తలలు. పైగా పొట్టి తోక వెనక గాలి సుడులు తిరిగి బండిని వెనక్కి గుంజుతుంది. చిన్న ఇంజిన్‌కు లాగే సత్తువ రావాలని గేర్లు పొట్టిగా పెడతారు, దాంతో 100లో 3000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇన్ని చుట్లు) తిరగక తప్పదు. కాబట్టి ఆగి కదిలే చోట చిన్న కారు గెలుస్తుంది, 110 దాటాక పెద్ద కారు మీద దాని ఆధిక్యం కరిగిపోతుంది. నలుగురు ఎక్కితే ఉన్న బరువు సుఖమూ పోతుంది: 260 కిలోలంటే 800 కిలోల బండికి మూడో వంతు, రెండు టన్నుల బండికి ఎనిమిదో వంతు.

ఇక అద్దె ఎందుకంత? సూది లేని సిరంజి మొనను వేలితో మూసి, వెనక పిస్టన్‌ను లాగి చూడండి. చెయ్యి నొప్పెడుతుంది. పెట్రోలు ఇంజిన్ చేసే పని అదే. మీరు యాక్సిలరేటర్ పెడల్‌ను కొద్దిగా తొక్కితే గాలి దారికి తలుపులాంటి థ్రాటిల్ రేకు సన్నగా తెరుచుకుంటుంది, సిలిండర్లకు గాలి చేర్చే ఇంటేక్ మానిఫోల్డ్‌లో పీడనం ఐడిల్‌లోనైతే బయటి గాలిలో మూడో వంతుకు పడిపోతుంది. ప్రతి సిలిండరూ ప్రతి రెండు చుట్లకోసారి ఆ మూసిన సిరంజిని లాగాలి. చుట్లు పెరిగితే లాగుళ్లూ పెరుగుతాయి. అందుకే ఒకే వేగంలో మూడో గేరు కంటే నాలుగు మేలు, నాలుగు కంటే ఐదు: చుట్లు తగ్గుతాయి, అదే శక్తికి రేకు ఎక్కువ తెరుచుకుంటుంది, పీల్చడం తేలికవుతుంది. ఈ కారణంగానే గుడ్డు మీద కాలు పెట్టినట్టు తొక్కుతూ రెండో గేరులో అరిపించడం పొదుపు కాదు. పెడల్‌ను సగం పైగా తొక్కి, 2000 నుంచి 2500 మధ్య గేరు మార్చి, త్వరగా పై గేరుకు చేరడం పొదుపు. పూర్తిగా తొక్కితే మాత్రం ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) గాలి-పెట్రోలు మిశ్రమాన్ని 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు నుంచి 12.5కు ఒకటి దగ్గరికి చిక్కబరుస్తుంది, కొంత పెట్రోలు కాలకుండానే బయటికి పోతుంది. 1200 కిందకి దించి గుంజినా నష్టమే: ఇంజిన్ నాక్ అవుతుంది (మిశ్రమం అదుపు తప్పి తానే అంటుకుని టకటకలాడుతుంది), దాన్ని ఆపడానికి ఈసీయూ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, అక్కడ సామర్థ్యం పోతుంది.

ఎయిర్ ఫిల్టర్ మురికైతే మైలేజీ పడిపోతుందన్న మాట కార్బురేటర్ల కాలంది. ఇంజెక్షన్ బండిలో థ్రాటిల్ ఎలాగూ గాలిని అడ్డుకుంటోంది. ఫిల్టర్ ఇంకాస్త అడ్డుకుంటే రేకు ఇంకాస్త తెరుచుకుంటుంది, అంతే. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో కొలిచి చూసినప్పుడు ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పికప్ తగ్గింది. మార్చండి, కానీ మైలేజీ కోసం కాదు.

వాలులో న్యూట్రల్‌లో పెడితే పెట్రోలు మిగులుతుందన్న నమ్మకమూ అలాంటిదే. గేరులో ఉంచి కాలు తీసేస్తే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, 1200–1500 ఆర్‌పీఎమ్‌కు దిగేదాకా ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో అర నిమిషానికో చెంచా. కాకపోతే న్యూట్రల్‌లో బండి ఎక్కువ దూరం దొర్లుతుంది, ఆగాల్సిన పని లేని సన్నటి వాలులో అది కలిసొస్తుంది కూడా. ఘాట్ దిగేటప్పుడు మాత్రం వద్దు: ఇంజిన్ పట్టు ఉండదు, బ్రేకులు కాలిపోతాయి. ఇంధన పైపుకు తగిలించే అయస్కాంతాల గురించి రాయడం ఈ పేజీకే దండగ.

నిజమైన లోపాల్లో నేను ముందు అనుమానించేది పట్టేసిన బ్రేకు. డిస్కును నొక్కి పట్టే కాలిపర్ పిన్నుల గ్రీజు ఎండిపోతే ప్యాడ్ వెనక్కి రాదు. ఒక చక్రం మీద 30 న్యూటన్ల ఈడ్పు చాలు, రెండు కిలోమీటర్లకో చెంచా పోతుంది, ఇరవైలో ఒకటి. పది నిమిషాలు తోలి, చివర్లో బ్రేకు వాడకుండా బండిని దొర్లనిచ్చి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి, తాకకుండా. ముందు రెంటిలో ఒకటే సెగ కొడితే దొంగ దొరికినట్టే. రెండోది థర్మోస్టాట్. ఇంజిన్ వేడెక్కుతోందని దాన్ని పీకి పారేసే మెకానిక్కులున్నారు. అది 82–88 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సిన వాల్వు. లేకపోతే ఇంజిన్ ఎప్పుడూ చల్లగానే ఉంటుంది, ఈసీయూ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది, ఆయిలూ చిక్కగానే ఉంటుంది. టైర్ల గాలి గురించి జనం భయపడినంత లేదు: ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే దాదాపు 0.2 శాతమే, టైరు పాడవడం మాత్రం ఖాయం.

కొలిచేటప్పుడు డాష్‌బోర్డు అంకెను నమ్మొద్దు. ప్రతిసారీ ఒకే బంకులో, అదే గొట్టంతో ట్యాంకు నింపించి, మొదటి క్లిక్ దగ్గరే ఆపించండి. క్లిక్ ఒక లీటరు అటూ ఇటూ అయితే 12 లీటర్ల మీద 8 శాతం తప్పు, కాబట్టి కనీసం మూడు ట్యాంకులు తిరగాలి. మూడు మైలేజీలకు సగటు తియ్యకూడదు. మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించాలి. ఇథనాల్ లీటరులో పెట్రోలు శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది గనక, 20 శాతం కలిపితే చెంచాలో ఏడు శాతం దాకా లోటు అని కూడా గుర్తుంచుకోండి. టైర్లు అరిగిన బండికి మైలేజీ పెరిగినట్టు కనిపిస్తే అందులో కొంత నిజం, అరిగిన టైరు తేలిగ్గా దొర్లుతుంది. కొంత మాయ: చుట్టుకొలత తగ్గిన చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరిగి, ఓడోమీటర్‌లో వెళ్లని కిలోమీటర్లు ఒకటీ రెండు శాతం రాసేస్తుంది. కొత్త టైర్లు వేయించిన వారమే మైలేజీ పడిపోయిందని వచ్చేవాళ్ల బండిలో సాధారణంగా ఏమీ చెడిపోయి ఉండదు.