థిన్నర్ ఏదైనా ఒకటే అనుకుని శాటర్న్-5ని కరిగించుకున్నవాళ్లకి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఈ రెండు నెలల్లో ఇది నాలుగోది. వైజాగ్‌లో మా గుమ్మం ముందు ఒక పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారు, పాత పంచె ముక్కలో చుట్టిన పొడుగాటి వస్తువు పట్టుకుని నిలబడ్డారు. ఆయన విప్పకముందే వాసన పట్టేశాను, ఎన్‌సీ థిన్నర్, చెక్కకీ ఇనుముకీ వేసే నైట్రోసెల్యులోజ్ రంగుల్లో కలిపేది. లోపల, అపోలో యాత్రికుల్ని చంద్రుడి వైపు పంపిన శాటర్న్-5 రాకెట్‌కి 1/144 (అసలులో 144వ వంతు) మోడల్, దాని మొదటి స్టేజ్, అంటే అడుగు భాగం, వానాకాలం బెల్లం దిమ్మలా చెమర్చి, ఒకవైపు లోపలికి కుంగిపోయి ఉంది. హ్యూస్టన్‌లో ఉండే కొడుకు తెచ్చిచ్చిన కిట్ అట. "రంగు చిక్కగా ఉంది బాబూ, షాపులో అడిగితే ఇది కలపమన్నారు, థిన్నర్ అంటే థిన్నరే కదా" అన్నారు. మనిషి ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. ఆ సలహా ఇచ్చిన షాపతనిదీ తప్పు కాదు, ఆయన రోజూ తలుపులకీ గేట్లకీ రంగు అమ్ముకునేవాడు, ప్లాస్టిక్ రాకెట్టని ఆయనకెలా తెలుస్తుంది.

మోడల్స్ చేసివ్వడం, విరిగినవి బాగుచేయడం నా పని. నా దగ్గరికొచ్చే పాడైన కిట్లలో పడిపోయి విరిగినవాటికంటే ఇలా కరిగిపోయినవే ఎక్కువ. విరిగింది అతుకుతుంది. కరిగినది సరిచేయడం అంత తేలిక కాదు. అందుకే ముందు దీని సంగతి చెప్తాను, మిగతావి తర్వాత.

అపోహ: ప్లాస్టిక్ గట్టిది, దాని మీద ఏ రంగైనా, ఏ థిన్నరైనా నడుస్తుంది.

కిట్లలో భాగాలు పాలీస్టైరీన్‌తో చేస్తారు. మీరు వాడే ప్లాస్టిక్ సిమెంట్ అసలు జిగురు కాదు. అది రెండు భాగాల అంచుల్నీ కాస్త కరిగిస్తుంది, కరిగిన రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, ద్రవం ఆవిరైపోయాక ఒకే ముక్క అవుతుంది. అంటే మనం చేస్తున్నది వెల్డింగే. ఇప్పుడు ఎన్‌సీ థిన్నర్ సంగతి. అందులో టోలుయీన్, అసిటోన్ లాంటివి ఉంటాయి, పాలీస్టైరీన్‌ని కరిగించే జాతే. చెక్కకీ ఇనుముకీ దానివల్ల ఏమీ కాదు, వాటికోసమే చేసింది. సిమెంట్ అయితే ఒక చుక్క, అదీ అంచు మీద, సన్న బ్రష్షుతో. థిన్నర్ కలిపిన రంగు మాత్రం మొత్తం గొట్టం మీద, తడితడిగా, ఒకసారి పూసి చాలక మళ్లీ అదే చోట బ్రష్షు లాగుతారు. రెండోసారి లాగినప్పుడు బ్రష్షుకి అంటేది రంగు కాదు, మీ రాకెట్టే.

"ఫలానా ఆయన ఎన్‌సీ థిన్నరే వాడతాడు, ఏమీ కాలేదు, వీడియోలో చూశాను" అని ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. అవును, వాడతాడు, ఎయిర్‌బ్రష్‌తో, అంటే గాలి ఒత్తిడితో రంగు చిమ్మే చిన్న గన్‌తో. సన్నటి పొగమంచులా పడే ఆ రంగులో థిన్నర్ చాలావరకు గాల్లోనే ఎగిరిపోతుంది, ప్లాస్టిక్‌ని తాకిన కాస్తా కొరికే లోపే ఆరిపోతుంది. ఆయన కూడా ఒకటో రెండో కిట్లు పాడుచేసుకుని నేర్చుకున్నవాడే. వీడియోలో ఆ సంగతి చెప్పరు, మీకు డబ్బా మీది పేరు మాత్రం గుర్తుండిపోతుంది.

అంతకంటే చిరాకు తెప్పించేది వాట్సాప్‌లో తిరిగే చిట్కా, రంగు చెడితే నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడిచేయండి అని. వాటిలో చాలావాటిలో ఉండేది అసిటోన్. రంగుతో పాటు కింద ప్లాస్టిక్ మీద చెక్కి ఉన్న గీతలూ పోతాయి. ఇంకొకరు పెట్రోల్ అన్నారు. ఇంట్లో, గ్యాస్ స్టవ్ ఉన్న ఇంట్లో! అలాంటి మెసేజ్ వస్తే దయచేసి ఇంకొకరికి పంపకండి. యాక్రిలిక్ రంగు తీసేయాలంటే మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్షు చాలు. ఓపిక కావాలి, అంతే.

ఏం వాడాలి అంటే: యాక్రిలిక్ అయితే ఆ రంగు చేసిన కంపెనీదే థిన్నర్, ఎనామెల్ అయితే మినరల్ టర్పెంటైన్. హార్డ్‌వేర్ షాపు స్ప్రే డబ్బాలు కొన్ని బాగానే పనిచేస్తాయి, కొన్ని ప్లాస్టిక్ మీద సాలెగూడులా సన్న పగుళ్లు తెప్పిస్తాయి, డబ్బా చూసి చెప్పలేం. కాబట్టి ఏ కొత్త సీసా వచ్చినా ముందు స్ప్రూ మీద, అదే, భాగాలు కత్తిరించాక పారేసే ఆ చట్రం మీద వేయండి. ఒక రోజు వదిలేయండి. మర్నాడు గోటితో నొక్కండి. మెత్తగా ఉన్నా, మెరుపు పోయి గరుకెక్కినా ఆ సీసా పక్కన పెట్టేయండి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా వందలో పదిమంది కూడా చేయరు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పటికే కరిగించేసుకున్నవాళ్లకి ఒక్క మాట, కంగారుపడి తుడవకండి. నష్టంలో సగం థిన్నర్ చేస్తుంది, మిగతా సగం ఆ గుడ్డ చేస్తుంది. మెత్తబడిన ప్లాస్టిక్ మీద గుడ్డ పెడితే ఉన్న గీతలన్నీ చెరిగిపోతాయి. చేయి తీసేయండి, గాలి తగిలేచోట రెండు వారాలు పెట్టండి. ద్రవం పోయేకొద్దీ మళ్లీ గట్టిపడుతుంది, అప్పుడు చూస్తే చాలాసార్లు మనం భయపడ్డంత ఉండదు. మాస్టారిది మాత్రం కుంగింది. ఆ ముక్క కోసి తీసేసి, అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు గుండ్రంగా చుట్టి ఆ స్థానంలో పెట్టాం. అసలు మొదటి స్టేజ్ వ్యాసం దాదాపు 10 మీటర్లు, 1/144లో 7 సెం.మీ. షీటు చుట్టడానికి ఆ కొలతకి సరిపడే సీసా కోసం మా వంటింట్లో ఉన్నవన్నీ కొలిచి, చివరికి మా ఆవిడ ఆవకాయ జాడీ పట్టుకొచ్చాను. మూడు ఆదివారాలు పట్టింది. గొట్టం మీద ఉబ్బెత్తుగా ఉండే నిలువు కమ్మీలు ఒక్కొక్కటీ మాస్టారే అతికించారు, లెక్కల మనిషి కదా, స్కేలు పెట్టి మరీ.

అపోహ: అతికించిన మర్నాడే అతుకు సాపు చేసేయొచ్చు.

ఇదీ పైదాని చెల్లెలే. అతుకు లోపలి ద్రవం ఆరడానికి టైం పడుతుంది. పైకి గట్టిగా ఉంటుంది, లోపల ఇంకా మెత్తన. అప్పుడే వాటర్ పేపర్‌తో రుద్ది నున్నగా చేస్తే, నెల తర్వాత లోపలిది ఆరి కుంచించుకుని, తెల్ల రంగు కింద నుంచి ఆ అతుకు గీత మళ్లీ పైకి కనిపిస్తుంది. నా మొదటి శాటర్న్ అలాగే అయింది. ఒక స్కూల్ ప్రదర్శనకి ఇచ్చాను, తిరిగొచ్చేసరికి కింది నుంచి పైదాకా కుట్టేసినట్టు గీత. కనీసం వారం ఆగండి. ఈలోపు ఇంజన్లు చేసుకోండి, మొదటి స్టేజ్‌కి ఐదు ఎఫ్-1లు, రెండోదానికి ఐదు జె-2లు, మూడోదానికి ఒక జె-2, పదకొండు బెల్స్ (ఇంజన్ కింద గంట ఆకారంలో ఉండే గొట్టాలు) ఉన్నాయి, పని లేదనేమీ లేదు. రుద్దేటప్పుడు నిలువు కమ్మీలు అరిగిపోతాయని భయపడేవాళ్లు ఉన్నారు, అరుగుతాయి, నిజమే. అక్కడ స్ప్రూని దీపం మీద వేడిచేసి లాగితే వచ్చే సన్న తీగ అతికించుకుంటే సరిపోతుంది.

అపోహ: పెట్టె మీద బొమ్మలో ఉన్నట్టు రంగు వేస్తే అదే చరిత్ర.

దీని గురించి గంట మాట్లాడగలను, మా ఇంట్లో ఎవరూ విననివ్వరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. 1966 మే 25న కెనడీ స్పేస్ సెంటర్‌లో ఒక శాటర్న్-5ని బయటికి తెచ్చారు. దాని పేరు 500ఎఫ్. అది ఎగరడానికి కాదు. లాంచ్ ప్యాడ్, అసెంబ్లీ బిల్డింగ్, దాన్ని మోసుకెళ్లే క్రాలర్ ఇవన్నీ సరిగ్గా కుదిరాయో లేదో చూడ్డానికి నిలబెట్టిన రాకెట్. మొదటిసారి ఎగిరిన శాటర్న్-5 అపోలో 4ది, అది 1967 నవంబర్ 9న. ఆ రెండు తేదీల మధ్య ఫొటోల్లో ఎక్కువగా కనిపించింది ఈ 500ఎఫే, దాంతో పాత కిట్లలో చాలావాటికి రంగుల పటం దాన్ని చూసే గీశారు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, మొదటి స్టేజ్‌లో రెండు ట్యాంకుల మధ్య ఉండే ఇంటర్‌ట్యాంక్ దగ్గర. 500ఎఫ్‌లో అక్కడ నలుపు ఉంది. ఎండకి ఆ నలుపు వేడెక్కుతోందని ఎగిరే రాకెట్లలో అక్కడ తెలుపు వేశారు. మీ పెట్టెలో కాగితం ఇంటర్‌ట్యాంక్‌కి నలుపు వేయమంటూ, డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కర్లు) మీద అపోలో 11 అంటుంటే, ఆ రెండూ ఒకే రాకెట్ కావు. ఆ నలుపు తెలుపు పట్టీలు అసలు అలంకారం కానే కాదు, రాకెట్ పైకి వెళ్తూ తన చుట్టూ తాను ఎంత తిరుగుతోందో కెమెరాల్లో తెలియడానికి.

సరే, మ్యూజియం రాకెట్ చూసి వేస్తా అంటారు. ఇప్పుడు మిగిలినవి మూడు, అన్నీ అమెరికాలోనే, కెనడీలో, హ్యూస్టన్‌లో, హంట్స్‌విల్‌లో. ఏళ్లతరబడి ఎండావానల్లో ఉండి, తర్వాత మళ్లీ రంగులు వేయించుకున్నవి. హంట్స్‌విల్‌ది అసలు ఊపి చూడ్డానికి వాడిన పరీక్ష రాకెట్. వాటి ఎఫ్-1 ఇంజన్లు బోడిగా, గొట్టాలన్నీ బయటికి కనిపిస్తూ అందంగా ఉంటాయి. కానీ ఎగిరేముందు ఆ ఇంజన్లకి వేడి తగలకుండా వెండి రంగు దుప్పట్లలాంటివి కప్పేవారు. మోడల్‌లో అది కావాలంటే చాక్లెట్ రేకు నలిపి, సాపుచేసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో బెల్ చుట్టూ అంటించండి. బోడిగానే కావాలంటే బోడిగానే చేసుకోండి, మీ రాకెట్, కాకపోతే కింద ప్యాడ్ పెట్టి "లాంచ్ రోజు" అని బోర్డు పెట్టకండి. అలాగే కొసన వ్యోమగాములు కూర్చునే కమాండ్ మాడ్యూల్‌ని వెండిలా మెరిపిస్తారు చాలామంది. ప్యాడ్ మీద ఉన్నప్పుడు దాని మీద తెల్లటి తొడుగు ఉంటుంది, పైకి వెళ్లాక ఎస్కేప్ టవర్‌తో (ప్రమాదంలో మాడ్యూల్‌ని లాగేసే చిన్న రాకెట్) పాటే అది ఊడిపోతుంది. వెండి రంగు దాని కింద ఉన్న సర్వీస్ మాడ్యూల్‌ది, అందులోనూ రేడియేటర్ పలకలు తెలుపు.

ఇక మిగతావి గబగబా.

ఎయిర్‌బ్రష్ లేకపోతే కుదరదా? కుదురుతుంది. గ్రే ప్రైమర్, దాని మీద తెలుపు పల్చగా నాలుగైదు కోటింగులు. ఒకే కోటింగులో తెల్లగా రావాలని చూస్తేనే గీతల్లో రంగు నిండిపోయి చెడుతుంది. ముందు తెలుపు, తర్వాత టేపు వేసి నలుపు. టేపు అంచు కిందికి నలుపు జారకుండా, ఆ అంచు మీద ముందు ఒకసారి తెలుపే కొట్టండి, సందులు మూసుకుపోతాయి, తర్వాత నలుపు.

గీతలు ఎంత లోతుగా చెక్కితే అంత డీటెయిలా? 1/144లో ఒక మిల్లీమీటరు గాడి అంటే అసలు రాకెట్ మీద 14 సెం.మీ. పైన గాడి. మనిషి ఆ స్కేల్‌లో 12 మి.మీ. ఉంటాడు, ఆ గాడిలో కాలు ఇరుక్కుంటుంది. యుద్ధ ట్యాంకుల మోడల్స్ చేసేవాళ్లు అలవాటుకొద్దీ మసి, తుప్పు కూడా పూస్తారు, ఒకసారే ఎగిరే రాకెట్‌కి తుప్పు ఎక్కడినుంచి వస్తుంది.

ఫెవిక్విక్ చాలదా అని రోజూ అడుగుతారు. లోహపు భాగాలకి బాగుంటుంది. పారదర్శకంగా ఉండే ముక్కల దగ్గర మాత్రం ఏ సూపర్ గ్లూ అయినా ఆవిరి తగిలి తెల్లగా మసకబారుస్తుంది.

వానాకాలంలో మా ఊళ్లో, ఆ మాటకొస్తే కాకినాడలోనైనా మచిలీపట్నంలోనైనా, లాకర్ (త్వరగా ఆరే థిన్నర్ రంగు) కోటింగ్ వేస్తే పాలు ఒలికినట్టు తెల్లటి పొర వస్తుంది. నలుపు పట్టీల మీద మరీ కనిపిస్తుంది. రంగు పాడైందని ఏడవక్కర్లేదు, అది గాల్లో తేమ. పొడి రోజు చూసుకుని మళ్లీ పల్చగా కొడితే చాలావరకు పోతుంది. పసుపెక్కిన పాత డెకాల్స్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి కిటికీ అద్దానికి లోపలివైపు అంటించండి, కొన్ని రోజుల ఎండకి తెల్లబడతాయి.

పిల్లల తల్లులు భయంగా అడిగేది ఒకటుంది, ఆ వాసన వాడికి ఏమైనా చేస్తుందా అని. మీ భయం అనవసరమైనది కాదు. తలుపులు మూసిన ఏసీ గదిలో గంటలకొద్దీ సిమెంట్, థిన్నర్ పీల్చడం పెద్దవాళ్లకీ మంచిది కాదు. గుడ్డ మాస్కు దానికి పనికిరాదు, ఆవిర్లని ఆపే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు వేరే ఉంటుంది. పిల్లలకైతే కిటికీ తెరిచిపెట్టి, నారింజ వాసనొచ్చే లిమొనీన్ సిమెంట్, నీళ్ల యాక్రిలిక్ రంగులు, పక్కన మీరు. అంతవరకే చాలు, వాడి కిట్ లాక్కోవద్దు.

చివరగా, మన దేశపు ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ కిట్ ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లకి. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని పైకి తీసుకెళ్లింది అదే, నాకూ అది ఇష్టం. నా చేతికి ఇంతవరకు ప్లాస్టిక్ కిట్ రాలేదు, కానీ కిట్ అక్కర్లేదు. 22 మీటర్ల ఎత్తు, మీటరు వ్యాసం, 1/144లో 15 సెం.మీ. ఎత్తు, 7 మి.మీ. లావు. అంటే ఇంచుమించు బాల్‌పెన్ను గొట్టం. మాస్టారు అప్పుడే ఒకటి కోసి, కొలిచి, "మూడు పాయింట్ల తేడా వస్తోంది బాబూ" అని ఫోన్ చేశారు.